తుంగభద్ర ఒడ్డున సుంకం

రాయచూరు నుంచి దక్షిణంగా మంత్రాలయం వైపు పోయే దారిలో యరగేర ఉంది. కృష్ణా తుంగభద్రల మధ్యనున్న రాయచూరు అంతర్వేదిలో ఇది పాత ఊరు, నిజాం కాలంలో కొన్నాళ్లు తాలూకా కేంద్రం కూడా. కన్నడం, తెలుగు, ఉర్దూ కలిసి వినబడే ఈ ప్రాంతం నుంచి పత్తి బండి ఇవాళ నది దాటి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లినా, ఉత్తరంగా తెలంగాణలోకి వెళ్లినా దాన్ని ఆపి సుంకం అడిగేవారు లేరు. కానీ 1800 నుంచి స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కొన్నేళ్ల దాకా, మధ్యలో ఏడేళ్లు తప్ప, తుంగభద్ర రెండు పన్నుల ఏలుబడుల మధ్య ఎల్లగా ఉండేది. ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకు పోయే సరుకు, అటునుంచి ఇటు వచ్చే సరుకు, రెండూ సర్కారు లెక్కలోకి ఎక్కేవి. దిగుమతి సుంకాల గురించి, విదేశాల నుంచి కారుచౌకగా వచ్చి పడే సరుకు మీద వేసే యాంటీ డంపింగ్ సుంకాల గురించి మన దేశంలో జోరుగా వాదన సాగుతున్న ఈ రోజుల్లో, ఆ నదీ సరిహద్దు చరిత్రను మరోసారి చదవాల్సిన అవసరం ఉంది. సుంకం న్యాయమైనదా కాదా అన్న సంగతి దాని శాతాన్ని చూస్తే తేలదు. దాన్ని వేసేముందు, తీసేముందు ఎవరి మాట విన్నారు? అది ఎన్నాళ్లుంటుందో ముందే చెప్పారా? ఈ రెండు ప్రశ్నలకు దొరికే జవాబులోనే న్యాయం ఉంది. ఈ ప్రాంతపు అనుభవం మొదటి నుంచి చివరి దాకా చెప్పేది ఇదే.

ముందు ఆ సరిహద్దు ఎలా పుట్టిందో చూడాలి. రాయచూరు అంతర్వేది కోసం రాజులు కొట్టుకున్నంతగా దక్కనులో మరో నేల కోసం కొట్టుకోలేదు. విజయనగరానికీ బహమనీలకూ, ఆ తర్వాత బీజాపూరుకూ మధ్య అది చేతులు మారుతూనే ఉంది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను గెలిచింది ఈ తగవులోనే. అయితే అప్పటి ఎల్లలు యుద్ధంతో కదిలేవి. 1800లో గీసిన ఎల్ల కాగితం మీద గీసింది. తన రక్షణకు ఉంచుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చుల కింద నిజాం ఆ ఏడాది తుంగభద్రకు దక్షిణాన ఉన్న భూములను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అవే దత్తమండలాలు. దాంతో యరగేరకు ఎదురుగా నది అవతల ఉన్న ఆదోని సీమ కంపెనీదైంది. 1839లో కర్నూలు నవాబు రాజ్యాన్ని కూడా కంపెనీ కలిపేసుకుంది. అంతర్వేది మాత్రం నిజాం చేతిలో మిగిలింది. 1853లో మళ్లీ సైన్యం బాకీల కిందే బేరారుతోపాటు రాయచూరు అంతర్వేదినీ ఇంగ్లీషువారు తమ పాలనలోకి తీసుకున్నారు, 1860 ఒప్పందంతో తిరిగి ఇచ్చారు. ఆ ఏడేళ్లు ఏలుబడుల ఎల్ల తుంగభద్ర నుంచి కృష్ణ మీదికి జరిగి, మళ్లీ వెనక్కి వచ్చింది. అక్కడి రైతూ, సాలీ, సంతకు పోయే వర్తకుడూ ఉన్నచోటనే ఉన్నారు. ఎవరికి ఏ పన్ను కట్టాలన్నది మాత్రం హైదరాబాదులోనూ కలకత్తాలోనూ తేలింది.

సుంకం సంగతి తేల్చిన పత్రం ఇంకొకటి ఉంది. 1802లో నిజాం అలీఖాన్‌కూ కంపెనీకీ కుదిరిన వాణిజ్య ఒప్పందం అది. ఒకరి రాజ్యం నుంచి మరొకరి రాజ్యంలోకి వచ్చే సరుకు మీద విలువలో ఐదు శాతానికి మించి సుంకం వేయకూడదని అందులో రాసుకున్నారు. మచిలీపట్నం రేవును వాడుకునే హక్కు నిజాంకు ఉంటుందనీ రాశారు. తీరం మొత్తం కంపెనీ చేతిలో ఉన్నప్పుడు ఆ హక్కు కాగితం దాటి పెద్దగా బయటికి రాలేదు. ఐదు శాతం కట్టు మాత్రం గట్టిగా నిలిచింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కూడా హైదరాబాదు రాజ్యపు సుంకం విలువ మీద ఐదు శాతమే. జనం కరోడ్‌గిరి అని పిలిచిన శాఖ దాన్ని వసూలు చేసేది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. లోపలికి వచ్చే సరుకు మీదే కాదు, బయటికి పోయే సరుకు మీద కూడా కరోడ్‌గిరి ఉండేది. బయటి నుంచి వచ్చిన గుడ్డ కొన్నప్పుడూ, తన పత్తిని బయటికి అమ్మినప్పుడూ అంతర్వేది రైతు అదే సుంకపు నాకాకు బాకీ పడ్డాడు. సొంత పరిశ్రమను కాపాడాలన్న ఆలోచన ఉన్న రాజ్యం ఏదైనా ముడిసరుకు మీద ఒక రేటు, తయారైన సరుకు మీద ఒక రేటు పెడుతుంది. ఇక్కడ అన్నిటికీ దాదాపు ఒకటే రేటు. ఖజానాకు రాబడి కోసం పుట్టిన సుంకం అది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఐదు శాతం ఏమంత భారం? ఈ కాలంలో మన దేశం కొన్ని సరుకుల మీద వేస్తున్న దిగుమతి సుంకాలతో పోల్చినా, ఆ కాలంలో ఎన్నో దేశాలు వేసిన సుంకాలతో పోల్చినా అది చిన్నదే కదా? అంకె ఒక్కటే చూస్తే ఈ మాట నిజం. కానీ అంతర్వేదికి చేరే విదేశీ సరుకు అప్పటికే బొంబాయిలోనో మద్రాసులోనో సముద్ర సుంకం కట్టి వచ్చేది. ఆ డబ్బు బ్రిటిష్ ఇండియా ఖజానాకు పోయేది, అందులో హైదరాబాదుకు వాటా లేదు. తన రాబడి కోసం నిజాం సర్కారు దాని మీద మరో ఐదు శాతం వేసుకునేది. అంటే ఒకే సరుకు మీద రెండు సర్కార్లకు రెండు సుంకాలు. ఉప్పు సంగతీ అంతే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805 నుంచే ఉప్పు కంపెనీ గుత్తాధిపత్యం. సముద్రం లేని హైదరాబాదు రాజ్యంలో తీరపు ఉప్పు తినే పేదవాడు, తనను పాలించని సర్కారుకు ఆ ఉప్పు ధరలోనే పన్ను కట్టాడు. దీనికి నాణేల తేడా తోడైంది. నది ఇవతల నిజాం నాణెం హాలీ సిక్కా, అవతల ఇంగ్లీషువారి నాణెం కల్దార్. ఇరవయ్యో శతాబ్దంలో 100 కల్దార్ రూపాయలకు 116కు పైగా హాలీ రూపాయలు లెక్క. సరుకు విలువ కట్టడం, మారకం లెక్క చూడటం, నాకా దగ్గర మూటలు విప్పి చూపడం, వీటన్నిటికీ పట్టే పొద్దూ ఖర్చూ ఐదు శాతంలో కనబడవు. పెద్ద వర్తకుడికి గుమాస్తా ఉంటాడు, సంతకు పోయే చిన్నవాడికి ఉండడు. అందువల్ల ఒకే రేటు ఇద్దరి మీదా ఒకే బరువుగా పడదు.

అవతలి ఒడ్డున ఏం జరిగిందో చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. కంపెనీ పాలన మొదట్లో దత్తమండలాల్లో కూడా సాయరు పేరుతో దారి సుంకాలు ఉండేవి. 1844లో మద్రాసు ప్రెసిడెన్సీ లోపలి దారి సుంకాలను చట్టం చేసి ఎత్తేశారు. హైదరాబాదు రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న 1853–1883 కాలంలో పాత గుత్త పద్ధతులు సడలాయి, రాజ్యం లోపల అడుగడుగునా వసూలయ్యే రాహదారి సుంకాల పీడ తగ్గింది, వసూలు సరిహద్దు నాకాలకు చేరింది. ఇది మేలే. అయితే ఊరూరా ఉన్న భారం ఎల్ల దగ్గరికి జరిగినప్పుడు రాజ్యం నడిబొడ్డున ఉన్నవారికి కలిగినంత మేలు ఎల్ల పక్కనున్నవారికి కలగదు. వారి సంత, వారి చుట్టరికం, వారి పుణ్యక్షేత్రం నదికి అవతల ఉంటాయి. మంత్రాలయం ఆ ఒడ్డునే ఉంది, ఆదోని బజారూ ఆ వైపే. సరిహద్దు సుంకాన్ని రాజధాని నుంచి చూసేవాడికి అది రాజ్యపు అంచున పడే పన్ను, ఎల్ల పక్కన ఉండేవాడికి అది తన ఊరి నడుమ పడే పన్ను. ఆ తేడాను చెప్పుకోవడానికి అతనికి శాసనసభ లేదు, విచారణ సంఘం లేదు, పోనీ అర్జీ పెడితే కారణం రాసి జవాబివ్వాలన్న నియమమూ లేదు.

సుంకాన్ని ముందే తెలిసేలా, మాట తప్పకుండా వసూలు చేయడం మనకు తెలియని విద్య కాదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన శాసనం తెలుగువారి వర్తక చరిత్రలో గొప్ప పత్రం. అంతకుముందు తుపానుకు ఒడ్డున పడ్డ ఓడల్లోని సరుకును రాజులు దోచుకునేవారనీ, తాను అలా చేయననీ, వచ్చే పోయే సరుకు మీద ముప్పైలో ఒక వంతు మాత్రమే సుంకం తీసుకుంటాననీ ఆయన విదేశీ వర్తకులకు అభయమిచ్చాడు. కొన్ని సరుకుల రేట్లు విడివిడిగా రాతిమీద చెక్కించాడు. రేటు తక్కువన్నది అందులో సగం గొప్పతనం. అది అందరి కళ్లముందూ ఉన్నదన్నది మిగతా సగం. 1802 ఒప్పందంలోనూ రేటు స్థిరంగానే ఉంది. కానీ ఆ స్థిరత్వం ఇద్దరు పాలకులు ఒకరికొకరు ఇచ్చుకున్న హామీ. సుంకం కట్టేవాడికి ఇచ్చిన మాట అందులో లేదు. అందుకే ఆ ఐదు శాతం లోకం మారినా మారలేదు. రైలు వచ్చింది, మిల్లులు వచ్చాయి, పత్తి బేరం సముద్రాలు దాటింది, ఒప్పందం మాత్రం కదలలేదు.

లోకం ఎంతగా మారిందో రాయచూరు స్టేషన్ సాక్ష్యం చెబుతుంది. బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు నుంచి వచ్చిన మద్రాసు రైల్వే 1871లో ఇక్కడే కలిశాయి. దేశంలోని రెండు పెద్ద రేవులను కలిపే ఇనుపదారి అంతర్వేది గుండా పోయింది. తుంగభద్ర మీద వంతెన పడింది. ఎద్దుబండి మీద రోజులు పట్టే ప్రయాణం గంటల్లోకి వచ్చింది. పత్తి గింజ తీసే జిన్నింగ్, బేళ్లు కట్టే ప్రెస్సింగ్ మిల్లులు రాయచూరులో లేచాయి. ఆ తర్వాత ఈ నేల మీద పండిన పత్తి ధర బొంబాయిలో, లివర్‌పూల్‌లో, ఒసాకాలో జరిగే బేరాలను బట్టి తేలసాగింది. రైలు దూరాన్ని తగ్గించింది, సుంకం ఎల్లను అలాగే ఉంచింది. దాని ఫలితంగా అంతర్వేది రైతు ఒకేసారి రెండు సర్కార్ల విధానాలకు లోబడ్డాడు. సముద్ర సుంకం ఎంత ఉండాలో ఢిల్లీ, లండన్ నిర్ణయించాయి, సరిహద్దు సుంకం ఎలా వసూలు కావాలో హైదరాబాదు నిర్ణయించింది. రెండు చోట్లా అతని తరఫున మాట్లాడే మనిషి లేడు.

రెండో అభ్యంతరం మొదటిదానికంటే బలమైనది. నిజాం సర్కారుకు రాబడి కావాలి. వానలు మోసం చేసే ఈ మెట్టనేల మీద భూమిశిస్తు పెంచడం కంటే సరుకు మీద సుంకం వేయడమే దయగల పద్ధతి కాదా? పైగా ఆ సుంకం లేకపోతే లాంకషైర్ గుడ్డ ముందు స్థానిక సాలె మరింత చితికిపోయేవాడు కదా? మొదటి సగంలో న్యాయం ఉంది. కరువు ఏడాదిలో పంట లేకపోయినా శిస్తు కట్టాలి, సుంకం మాత్రం సరుకు కదిలితేనే పడుతుంది. కానీ రెండో సగం నిలబడదు. ఐదు శాతం కట్టు ఉన్నంత కాలం హైదరాబాదు తన మగ్గాన్ని కాపాడే సుంకం వేయలేదు. బ్రిటిష్ ఇండియా తన చేతిలో ఉన్న సముద్ర సుంకాన్ని కూడా భారత పరిశ్రమ కోసం వాడలేదు. లాంకషైర్ ఒత్తిడికి లోబడి 1882లో నూలుగుడ్డల దిగుమతి సుంకాలను ఎత్తేసింది. 1894లో డబ్బు అవసరమై మళ్లీ వేసినప్పుడు, అది రక్షణ సుంకంగా మారకుండా భారతీయ మిల్లుల మీద ఎక్సైజు కూడా వేసింది. 1896లో దిగుమతి గుడ్డ మీద మూడున్నర శాతం, దేశీ మిల్లు గుడ్డ మీద అంతే ఎక్సైజు అని సరిసమానం చేసింది. ఆ ఎక్సైజు 1926 దాకా పోలేదు. పరిశ్రమలు పెంచాలనుకున్న హైదరాబాదు సుంకపు దారి వదిలి పెట్టుబడి దారి పట్టింది. 1929లో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ పెట్టింది, 1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు మొదలైంది. సుంకం అనే పనిముట్టు చేతిలో ఉన్నా దాన్ని తన ప్రజల కోసం వాడుకునే స్వేచ్ఛ లేని రాజ్యం చేయగలిగింది అది.

సుంకం నిజంగా రక్షణ సుంకమైతే అప్పుడైనా అంతర్వేదికి మేలు జరిగేదా? దీనికి 1933 జవాబిచ్చింది. 1921–22 ఫిస్కల్ కమిషన్ సిఫారసుతో భారతదేశం పరిశ్రమలను ఎంచి రక్షించే విధానం మొదలుపెట్టింది, 1923లో టారిఫ్ బోర్డు వచ్చింది. 1931 చివరలో జపాన్ బంగారం ప్రమాణాన్ని వదిలేయడంతో యెన్ విలువ పడిపోయింది, జపాన్ గుడ్డ మన బజార్లో అంతులేని చౌకగా వచ్చిపడింది. బొంబాయి, అహమ్మదాబాదు మిల్లులు మొర పెట్టుకున్నాయి. 1933 జూన్‌లో బ్రిటిష్‌వి కాని నూలుగుడ్డల మీద సుంకం 75 శాతానికి పెరిగింది. ఇలాంటి చౌక సరుకును వెంటనే అడ్డుకునే అధికారం ఇస్తూ అదే ఏడాది పరిశ్రమల రక్షణ చట్టం వచ్చింది. ఈనాటి యాంటీ డంపింగ్ ఆలోచనకు మన గడ్డమీద దగ్గరి పూర్వరూపం అదే. దానికి జపాన్ ఇచ్చిన జవాబు మిల్లు మీద పడలేదు, పొలం మీద పడింది. జపాన్ మిల్లులు భారత పత్తి కొనడం మానేశాయి. మన పొట్టి పింజ పత్తికి అప్పుడు అతిపెద్ద విదేశీ గిరాకీ జపానే. 1934 ఆరంభంలో రాజీ కుదిరింది. జపాన్ పది లక్షల బేళ్ల భారత పత్తి కొంటే 32 కోట్ల 50 లక్షల గజాల గుడ్డ పంపవచ్చు. 15 లక్షల బేళ్లు కొంటే 40 కోట్ల గజాల దాకా పంపవచ్చు. సుంకం 50 శాతానికి దిగుతుంది. ఈ బేరం మొత్తం పత్తి చుట్టూ తిరిగింది. హైదరాబాదు రాజ్యం పత్తి పండించే పెద్ద ప్రాంతాల్లో ఒకటి. కానీ ఆ సుంకం వేసిన సభలో దానికి ఓటు లేదు. సముద్ర సుంకాల్లో తమకు వాటా కావాలని సంస్థానాలు తమకూ బ్రిటిష్ సర్కారుకూ ఉన్న సంబంధాలను పరిశీలించిన బట్లర్ కమిటీ ముందు గట్టిగానే అడిగాయి. 1929లో వచ్చిన నివేదిక ఆ కోరికలో న్యాయముందని ఒప్పుకున్నా ఫలితం రాలేదు. అక్కడ కూడా సంస్థానాధీశులు అడిగింది ఖజానాకు వాటా. రైతుకు మాట కావాలని అడిగినవారు లేరు.

ఇలాంటి నష్టం పత్తి రైతుకే పరిమితం కాదు. ఒకరి ఉత్పత్తి మరొకరికి ముడిసరుకైన ప్రతిచోటా ఇదే జరుగుతుంది. చేనేతకు నూలు కావాలి. దిగుమతి నూలు మీద 1922లో ఐదు శాతం సుంకం పడింది. 1927లో అది ఐదు శాతమో, పౌనుకు అణాన్నరో, ఏది ఎక్కువైతే అది అయింది. నూలు వడికే మిల్లుకు అది అండ, నూలు కొనే మగ్గానికి అది ఖర్చు. అప్పుడు రాయచూరు జిల్లాలోనే ఉన్న గద్వాల నేతగాళ్లకు మిల్లు యజమానుల సంఘం వంటిది లేదు. ఎనభై ఏళ్లు గడవకముందే ఇదే తగవు పట్టులో వచ్చింది. చైనా నుంచి చౌకగా వస్తున్న ముడిపట్టు మీద 2003లో భారత ప్రభుత్వం యాంటీ డంపింగ్ సుంకం వేసింది. హిందూపురం మార్కెట్‌కు గూళ్లు తెచ్చే రైతుకూ, కర్ణాటక పట్టు రైతుకూ అది ఊపిరి పోసింది. ధర్మవరంలో చీర నేసేవాడికి పడుగు ఖర్చు పెరిగింది. హిందూపురం, ధర్మవరం ఒకే జిల్లా ఊళ్లు. వీరిలో ఎవరు న్యాయం అడుగుతున్నారని వెదికితే జవాబు దొరకదు, ఎందుకంటే ఇద్దరూ న్యాయమే అడుగుతున్నారు. ఇలాంటి చోట సుంకం ఎంత అన్నదానికంటే ఆ ఇద్దరి లెక్కలూ ఒకే బల్ల మీదికి వచ్చాయా అన్నదే అసలు ప్రశ్న.

కరోడ్‌గిరి నాకా మీద ప్రజల కోపం ఎంత లోతైనదో 1947–48లో బయటపడింది. హైదరాబాదు భారతదేశంలో కలవాలని స్టేట్ కాంగ్రెస్ సరిహద్దు శిబిరాల నుంచి నడిపిన పోరాటంలో పోలీసు ఠాణాలతోపాటు కరోడ్‌గిరి నాకాలు కూడా గురి అయ్యాయి. నిజాం ప్రభుత్వానికి ఊరి జనం కళ్లముందు కనిపించే రూపాల్లో నాకా ఒకటి. 1948 సెప్టెంబరులో రాజ్యం విలీనమైంది. 1950 ఏప్రిల్ 1న ఆర్థిక విలీనం జరిగింది. అయినా సరిహద్దు సుంకం ఆ రోజే పోలేదు. పాత సంస్థానాల రాబడి ఒక్కసారి పడిపోకుండా, ఒప్పందం మీద పదేళ్లకు మించకుండా లోపలి సుంకాలు కొనసాగించేందుకు రాజ్యాంగం 306వ అధికరణ వీలిచ్చింది. 1956లో ఆ అధికరణనే తీసేశారు. అదే ఏడాది నవంబర్ 1న రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలోకి, గద్వాల, ఆలంపూరు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. సుంకపు ఎల్ల పోయిన చోట రాష్ట్రపు ఎల్ల వచ్చింది, దానితో అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు వచ్చాయి. 2017 జూలైలో జీఎస్టీ అమలైన తర్వాతే అవీ పోయాయి. ఖజానా కోసం పుట్టిన అడ్డుకట్ట తన అవసరం తీరాక దానంతటది పోదనీ, పోయే తేదీ పుట్టినప్పుడే రాసి ఉండాలనీ ఈ కథ నేర్పుతుంది.

ఈ కొలతతో చూస్తే ఈనాటి యాంటీ డంపింగ్ చట్టం మంచి చట్టమని నా గట్టి నమ్మకం. ఇలాంటి చట్టాన్ని 1904లో కెనడా మొదట చేసింది. 1947 గాట్ ఒప్పందం ఆరో అధికరణ దానికి అంతర్జాతీయ రూపమిచ్చింది. మన దేశంలో 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం 9ఏ సెక్షన్, 1995 నియమాలు దీన్ని నడిపిస్తాయి. తొలి దర్యాప్తు 1992లో మొదలైంది. విదేశీ ఎగుమతిదారు తన దేశంలో అమ్మే ధరకంటే తక్కువకు ఇక్కడ అమ్ముతున్నాడని చూపాలి, దానివల్ల ఇక్కడి పరిశ్రమ దెబ్బతిన్నదని చూపాలి, ఆ రెంటికీ సంబంధం ఉందని కూడా చూపాలి. వాణిజ్య శాఖ కిందనున్న డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రేడ్ రెమెడీస్ నోటీసు ఇచ్చి, అందరి లెక్కలు తీసుకుని, మౌఖిక విచారణ జరిపి సిఫారసు చేస్తుంది. ఆర్థిక శాఖ నిర్ణయిస్తుంది. డంపింగ్ తేడా, నష్టపు తేడా, ఈ రెంటిలో ఏది తక్కువైతే అంతవరకే సుంకం సిఫారసు చేస్తారు. ఐదేళ్లకు అది ముగుస్తుంది. కొనసాగాలంటే మళ్లీ విచారణ జరగాలి. తీర్పు నచ్చనివారు ట్రైబ్యునల్‌కు పోవచ్చు. నోటీసు, సాక్ష్యం, విచారణ, గడువు, అప్పీలు, ఈ ఐదింటిలో ఒక్కటి కూడా కరోడ్‌గిరికి లేదు.

సరిహద్దు సుంకం ఒక జాతి, యాంటీ డంపింగ్ మరో జాతి, ఈ రెంటినీ ఒకే త్రాసులో పెట్టడం తగదని కొందరు అనవచ్చు. ఒకటి రాబడి కోసం, రెండోది అన్యాయపు పోటీకి మందు. నిజమే, ఉద్దేశాలు వేరు. కానీ ఈనాడు మామూలు దిగుమతి సుంకమూ యాంటీ డంపింగ్ సుంకమూ రెండూ ఒకే సరుకు మీద, ఒకే రేవులో పడుతున్నాయి. యరగేర చుట్టుపక్కల పత్తి రైతు బతుకును ఈనాడు కదిలించే సుంకం విచారణ ఉన్న జాతికి చెందినది కాదు. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో దిగుమతి పత్తి మీద అన్నీ కలిపి 11 శాతం సుంకం వచ్చింది. ధరలు పెరిగి స్పిన్నింగ్ మిల్లులు అడిగితే 2022 ఏప్రిల్‌లో దాన్ని కొన్ని నెలలపాటు ఎత్తేశారు. అమెరికా మన సరుకుల మీద 50 శాతం దాకా సుంకం పెంచిన 2025 ఆగస్టులో మళ్లీ ఎత్తేశారు. మొదట సెప్టెంబర్ 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. సరిగ్గా పత్తి తీతలు జరిగే నెలలవి. దీనికి దర్యాప్తు అక్కర్లేదు. ప్రజాహితం కోసం సుంకం మినహాయించే అధికారం 1962 కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద కేంద్రానికి ఉంది, ఒక నోటిఫికేషన్ చాలు. రసాయనాలో దారాలో తయారుచేసే కంపెనీ సుంకం అడిగితే ఏడాదిపాటు సాక్ష్యాలు చూసే ప్రభుత్వం, విత్తనం వేసేసిన రైతు పంట ధరను కదిలించే సుంకాన్ని రాత్రికి రాత్రే మార్చగలదు. నూటయాభై ఏళ్ల కిందట సరిహద్దు రైతుకు లేనిది ఏదో, ఇవాళ పత్తి రైతుకు లేనిదీ అదే.

మినహాయింపు తప్పని నేను అనడం లేదు. మిల్లు మూతపడితే పత్తి కొనేవాడే ఉండడు. తిరుపూరులో, గుంటూరు మిల్లుల్లో పనిచేసేవారి కూలి కూడా ఈ లెక్కలో ఉంది. దిగుమతి సుంకం ధర పెంచితే చివరికి చొక్కా కొనే పేదవాడే కడతాడన్న వాదన కూడా తోసేయదగింది కాదు. 2020లో పాలిస్టర్‌కు ముడిసరుకైన పీటీఏ మీద, 2021లో విస్కోస్ ఫైబర్ మీద యాంటీ డంపింగ్ సుంకాలను ప్రభుత్వం ఎత్తేసింది దిగువ పరిశ్రమల మేలు చూసే. వినియోగదారుడి మాట వినాలన్న నియమం 1995 నియమాల్లోనే ఉంది. నా వాదన ఏమిటంటే, ఆ వినడం అనే పద్ధతి రైతు పంట దగ్గరికీ రావాలి. విచారణ అంటే ఆలస్యం, అత్యవసరం వచ్చినప్పుడు ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చోవాలా అని అడిగేవారికి జవాబు ఆ చట్టంలోనే ఉంది. దర్యాప్తు మొదలైన అరవై రోజుల తర్వాత తాత్కాలిక సుంకం వేయవచ్చు, తుది నిర్ణయం విచారణ తర్వాత వస్తుంది. పత్తి, పప్పు, నూనెగింజల వంటి పంటల మీద సుంకం మార్చేటప్పుడు కూడా అదే చేయవచ్చు. అవసరమైతే తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వండి, అరవై రోజుల్లో రైతు సంఘాలనూ మార్కెట్ కమిటీలనూ మిల్లులనూ నేతగాళ్లనూ పిలిచి వినండి, కారణాలు రాసి ప్రకటించండి, ముగింపు తేదీని మొదటి ఉత్తర్వులోనే రాసి దాన్ని పొడిగించాలంటే మళ్లీ వినండి.

ఇంకొక్క నియమం చాలా మేలు చేస్తుంది. ఏ పంట మీద సుంకం ఆ ఏడాది ఎలా ఉంటుందో ఆ పంట విత్తే ముందే ప్రకటించాలి. పత్తి విషయంలో అది వానాకాలం మొదలవకముందు. అప్పుడు ఏది వేయాలో రైతు తెలిసి నిర్ణయించుకుంటాడు, మిల్లు తన కొనుగోలు లెక్క వేసుకుంటుంది, ఎవరూ నడిపంటలో మోసపోరు. మోటుపల్లి శాసనం సముద్రం దాటి వచ్చిన వర్తకుడికి ఇచ్చినంత భరోసా ఈ దేశపు రైతుకు దక్కడం గొంతెమ్మ కోరిక కాదు. తుంగభద్ర ఒడ్డున సుంకం నూటయాభై ఏళ్లు నిలబడింది న్యాయమైనది కావడం వల్ల కాదు. దాన్ని కట్టేవాడిని ఎవరూ అడగకపోవడం వల్ల. అలాంటి సుంకం మరోటి పుట్టకుండా చూడాలంటే, సుంకం వేసే చేతికీ తీసే చేతికీ వినే బాధ్యతను చట్టంలో రాయాలి. పార్లమెంటు ఈ పని ఒక చిన్న సవరణతో చేయగలదు, చేయాలి.